ఫోటోకు ఊరు, పేరు ఉండాలి: లొకేషన్, వివరణ చేర్చే పద్ధతులు

ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోన్ నిండా ఫోటోలే. నిఖా ఫోటోలు, అఖీఖా ఫోటోలు, ఉమ్రాకు వెళ్లొచ్చిన ఫోటోలు, రంజాన్ ఇఫ్తార్ ఫోటోలు వేలల్లో ఉంటాయి. కానీ ఒక ఫోటో తెరిచి ‘ఇందులో ఉన్నది ఎవరు, ఇది ఏ ఊరు, ఏ సంవత్సరం’ అని అడిగితే జవాబు ఫోన్‌లో దొరకదు. ఇంట్లో ఒకరిద్దరు పెద్దవాళ్లకు మాత్రమే తెలుసు. వాళ్లు ఉన్నంతకాలం అడగొచ్చు. ఆ తర్వాత ఆ ఫోటోలో ముఖాలు మిగులుతాయి, పేర్లు పోతాయి.

దీనికి పరిష్కారం ఫోటోలోనే ఉంది. డిజిటల్ ఫోటో ఫైలులో బొమ్మతో పాటు తీసిన తేదీ, తీసిన చోటు, వివరణ రాసుకోవడానికి చోటు ఉంటుంది. అందులో కొంత ఫోన్ తనంతట తానే నింపుతుంది. మిగతాది మనం నింపాలి. ఎలా నింపాలి, ఎక్కడ రాస్తే నిలుస్తుంది, ఎవరికి పంపితే ఏం బయటపడుతుంది అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

ఫోటో ఫైలు లోపల ఏముంటుంది?

ఫోటో గురించి ఫోటోలోనే దాగి ఉండే సమాచారాన్ని మెటాడేటా అంటారు. పోస్టు కవరు మీద చిరునామా, తపాలా ముద్ర ఉన్నట్టే ఇది కూడా. లోపలి ఉత్తరం వేరు, కవరు మీది వివరం వేరు. ఫోటోల్లో ఈ వివరాలు ముఖ్యంగా మూడు పద్ధతుల్లో ఉంటాయి.

ఎగ్జిఫ్: కెమెరా లేదా ఫోన్ ఫోటో తీసిన క్షణంలోనే రాసుకునే వివరం. తేదీ, సమయం, కెమెరా మోడల్, లెన్స్ వివరాలు, జీపీఎస్ ఆన్‌లో ఉంటే అక్షాంశం, రేఖాంశం ఇందులో ఉంటాయి. సముద్రమట్టం నుంచి ఎత్తు, కెమెరా ఏ దిక్కుకు తిరిగి ఉందో కూడా చాలా ఫోన్లు రాస్తాయి. ఈ పద్ధతిని 1995లో జపాన్ ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం తయారు చేసింది.

ఐపీటీసీ: పత్రికల వాళ్ల అవసరం కోసం పుట్టింది. 1965లో ఏర్పడిన అంతర్జాతీయ పత్రికా సమాచార మండలి పేరు మీదే దీన్ని పిలుస్తారు. శీర్షిక, వివరణ, ఫోటోగ్రాఫర్ పేరు, ఊరు, రాష్ట్రం, దేశం, కీవర్డ్స్ వంటి గడులు ఇందులో ఉంటాయి. పేపర్లో ఫోటో కింద వచ్చే ‘ఎడమ నుంచి కుడికి’ అనే వాక్యం న్యూస్ డెస్క్‌కు ఇందులోంచే వస్తుంది.

ఎక్స్‌ఎంపీ: అడోబీ సంస్థ 2001లో తెచ్చింది. 2012లో ఐఎస్ఓ ప్రమాణం అయింది. పాత రెండు పద్ధతుల్లోని వివరాలను కూడా ఇందులో రాయొచ్చు. ఏ లిపిలో రాసినా పడుతుంది కాబట్టి తెలుగు, ఉర్దూ రాసేవాళ్లకు ఇదే అనుకూలం.

పాత ఎగ్జిఫ్‌లో వివరణ గడి ఇంగ్లిష్ అక్షరాల కోసమే ఉండేది. తెలుగులో రాస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లలో ప్రశ్న గుర్తులు, పిచ్చి అక్షరాలు కనిపించడానికి కారణం ఇదే. 2023లో వచ్చిన ఎగ్జిఫ్ 3.0లో యూనికోడ్ అక్షరాలకు చోటిచ్చారు. అయితే అన్ని ఫోన్లు, సాఫ్ట్‌వేర్లు ఇంకా ఆ పద్ధతికి మారలేదు. అందుకే తెలుగు, ఉర్దూ వివరణలను ఎక్స్‌ఎంపీ గడుల్లో రాసే సాఫ్ట్‌వేర్ వాడటం మంచిది.

అక్షాంశం, రేఖాంశం చదవడం

చార్మినార్ ఉన్న చోటు దాదాపు 17.3616 ఉత్తర అక్షాంశం, 78.4747 తూర్పు రేఖాంశం. ఇదే చోటును డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో 17 డిగ్రీల 21 నిమిషాల 42 సెకన్లు, 78 డిగ్రీల 28 నిమిషాల 29 సెకన్లు అని కూడా రాస్తారు. రెండూ ఒకటే. చేత్తో టైప్ చేసేవాళ్లు ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం అన్న వరుస తప్పకూడదు. తారుమారు చేస్తే చార్మినార్ ఫోటో ఉత్తర ధ్రువం వైపు నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో పడుతుంది.

చుక్క తర్వాత ఎన్ని అంకెలు ఉంటే అంత కచ్చితం. ఒక డిగ్రీ అక్షాంశం అంటే నేల మీద దాదాపు 111 కిలోమీటర్లు. చుక్క తర్వాత రెండు అంకెలుంటే దాదాపు కిలోమీటరు తేడాలో చోటు తెలుస్తుంది. మూడు అంకెలకు 110 మీటర్లు, నాలుగుకు 11 మీటర్లు, ఐదుకు ఒక మీటరు. అంకెలు ఎక్కువ ఉన్నాయని ఫోన్ అంత కచ్చితంగా కొలిచిందని అనుకోకూడదు. ఆకాశం తెరిపిగా ఉన్న చోట మామూలు ఫోన్ జీపీఎస్‌కు 5 మీటర్ల దాకా తేడా వస్తుంది. పాతబస్తీ గల్లీల్లో, ఎత్తైన అపార్ట్‌మెంట్ల మధ్య, ఫంక్షన్ హాల్ లోపల ఇంకా పెరుగుతుంది. జేబులోంచి ఫోన్ తీసి వెంటనే నొక్కితే, ఫోన్ దగ్గర అంతకుముందున్న పాత లొకేషనే పడే అవకాశం కూడా ఉంది. ముఖ్యమైన ఫోటో అయితే మ్యాప్ ఒకసారి తెరిచి, నీలిచుక్క మీరున్న చోట నిలిచాక తీయండి.

లొకేషన్ చెప్పలేనిది

జీపీఎస్ రాసేది కెమెరా నిలబడిన చోటు. ఫోటోలో కనిపించే వస్తువు ఉన్న చోటు కాదు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర నిలబడి దూరంగా కనిపించే గోల్కొండ కోటను తీస్తే, మ్యాప్ మీద గుర్తు సమాధుల దగ్గరే పడుతుంది. అందుకే ఐపీటీసీలో ‘ఫోటో తీసిన చోటు’, ‘ఫోటోలో కనిపించే చోటు’ అని రెండు వేర్వేరు గడులు పెట్టారు.

ఈ తేడా చాలా కుటుంబాలకు ఖబరస్తాన్‌లో తెలుస్తుంది. మన దగ్గర చాలా ఖబర్‌లు మట్టివే. రాయి ఉండదు, పేరు ఉండదు. రెండు వానాకాలాలు గడిస్తే గుర్తుపట్టడం కష్టం. జనాజాకు రాలేకపోయిన కొడుకు దుబాయ్ నుంచో జిద్దా నుంచో మూడేళ్లకు వచ్చి ‘అబ్బా ఖబర్ ఎక్కడ’ అని అడుగుతాడు. లొకేషన్ ఉన్న ఫోటో అతన్ని ఖబరస్తాన్ గేటు దాకా, ఆ మూల దాకా తీసుకెళ్తుంది. అక్కడ ఆగిపోతుంది. ఎందుకంటే జీపీఎస్ తేడా 5 మీటర్లు. ఆ 5 మీటర్లలో ఎన్నో ఖబర్‌లు ఉంటాయి.

మిగతా దారి చూపించేది వివరణే. ‘పడమర గేటులోంచి లోపలికి వస్తే కుడివైపు వేపచెట్టు. చెట్టు నుంచి ఖిబ్లా వైపు మూడో వరుస. ఎడమవైపు ప్రహరీ నుంచి ఐదో ఖబర్. పక్కనే తలవైపు నల్లరాయి ఉన్న పాత ఖబర్’ అని రాస్తే ఎవరైనా వెళ్లి నిలబడగలరు. చెట్టు కొట్టేయొచ్చు, కాబట్టి గోడ, గేటు, స్తంభం వంటి కదలని గుర్తులు కూడా రాయాలి. ఒకే ఫోటో చాలదు. గేటు నుంచి ఒకటి, దారిలో మలుపు దగ్గర ఒకటి, ఖబర్‌కు దగ్గరగా ఒకటి, ఖబర్ దగ్గర నిలబడి గేటు వైపు తిరిగి ఒకటి, మొత్తం నాలుగు తీసి పెట్టుకోవాలి.

వివరణ ఎలా రాయాలి?

మంచి వివరణకు ఐదు ప్రశ్నలకు జవాబు ఉంటే చాలు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏ సందర్భం, ఈ వివరం చెప్పింది ఎవరు.

పేర్లు: ‘దాదీ’, ‘ఖాలా’, ‘చిన్న మామూ’ అని మాత్రమే రాయకండి. ఇవి చూసేవాళ్లను బట్టి మారే మాటలు. ఈరోజు మీకు దాదీ అయినామె మీ పిల్లలకు పర్‌దాదీ, మీ అత్త కొడుక్కు నానీ. ముప్పై ఏళ్ల తర్వాత ఆ ఫోటో ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు. పూర్తి పేరు, తండ్రి పేరు లేదా భర్త పేరు, ఊరు రాసి, ఆ తర్వాత ఇంట్లో పిలిచే పేరు రాయాలి. మన ఇళ్లలో బాషా, మస్తాన్, ఖాదర్, జానీ అన్న పేర్లు ఒకే కుటుంబంలో రెండు మూడు తరాల్లో కనిపిస్తాయి. తండ్రి పేరు లేకపోతే తాత ఎవరో మనవడు ఎవరో తేలదు.

వరుస: ‘ఎడమ నుంచి కుడికి, కూర్చున్నవాళ్లు; ఎడమ నుంచి కుడికి, నిలబడినవాళ్లు’ అని పత్రికల్లో రాసినట్టే రాయాలి. గుర్తుపట్టలేని మనిషి ఉంటే వదిలేయకుండా ‘నాలుగో మనిషి తెలియదు’ అని రాయాలి. వదిలేస్తే తర్వాతి పేరు పక్కమనిషికి అంటుకుంటుంది.

తేదీ: ఫోటో గడిలో ఇంగ్లిష్ తేదీ మాత్రమే పడుతుంది. పాత షాదీ కార్డుల మీద హిజ్రీ తేదీ ఉంటే, దాన్ని వివరణలో ఉన్నదున్నట్టు రాయాలి. తేదీ కచ్చితంగా తెలియకపోతే ‘1970ల మొదట్లో’, ‘పెద్ద కొడుకు పుట్టకముందు’ అని రాయడం మేలు. ఊహించి జనవరి 1 అని రాస్తే అది రేపటికి నిజమై కూర్చుంటుంది.

ఊరు: ఇప్పటి పేరు, అప్పటి పేరు రెండూ రాయాలి. మొహల్లా, మస్జిద్ పేరు, వీధి గుర్తు కలిపితే ఇంకా మంచిది. జిల్లాలు మారిపోయాయి కాబట్టి జిల్లా పేరు మీదే ఆధారపడొద్దు. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో కొత్త జిల్లాలు వచ్చాయి.

చెప్పినవాళ్లు: ‘పేర్లు చెప్పింది ఫలానా ఫుప్పు, 2025లో’ అని ఒక మాట చేర్చండి. రేపు ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఎవరి మాట ఎక్కడిదో తెలుస్తుంది.

భాష విషయంలో ఒక జాగ్రత్త. ఇంట్లో పెద్దవాళ్లు ఉర్దూ చదువుతారు, మధ్యతరం తెలుగు చదువుతుంది, బయట దేశాల్లో పెరుగుతున్న పిల్లలకు రెండూ రాకపోవచ్చు. పేర్లను కనీసం రెండు లిపుల్లో రాస్తే, వెతికినప్పుడు ఏ లిపిలో కొట్టినా దొరుకుతాయి.

ఫోన్‌లో చేయడం

ఆండ్రాయిడ్: కెమెరా యాప్ సెట్టింగ్స్‌లో ‘లొకేషన్ ట్యాగ్స్’ లేదా ‘సేవ్ లొకేషన్’ అనే ఆప్షన్ ఉంటుంది. ఫోన్ కంపెనీని బట్టి పేరు మారుతుంది. అది ఆన్ చేస్తే ఆ క్షణం నుంచి తీసే ఫోటోలకు లొకేషన్ పడుతుంది. పాత ఫోటోలకు పడదు.

ఐఫోన్: సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో లొకేషన్ సర్వీసెస్, అందులో కెమెరా. ‘యాప్ వాడుతున్నప్పుడు’ అన్నది ఎంచుకోవాలి. పాత ఫోటోకైతే ఫోటో తెరిచి పైకి జరిపితే క్యాప్షన్ రాసే గడి, లొకేషన్ మార్చే ఆప్షన్ కనిపిస్తాయి.

గూగుల్ ఫోటోస్: ఫోటో తెరిచి పైకి జరిపితే వివరణ రాసే చోటు, లొకేషన్ చేర్చే ఆప్షన్ వస్తాయి. వెతకడానికి ఇది బాగా పనికొస్తుంది.

ఇక్కడే చాలామంది మోసపోతారు. గూగుల్ ఫోటోస్‌లో మీరు రాసిన వివరణ ఫోటో ఫైలులోకి వెళ్లదు. మీ గూగుల్ ఖాతాలో ఉంటుంది. గూగుల్ టేక్‌అవుట్ ద్వారా మొత్తం ఫోటోలు దించుకుంటే ఆ వివరణలు పక్కన జేసన్ అనే చిన్న చిన్న ఫైళ్లుగా వస్తాయి. ఫోటోను వేరే కంప్యూటర్‌లో తెరిస్తే వివరణ కనిపించదు. ఐఫోన్ క్యాప్షన్ కూడా ఆపిల్ ఫోటోస్ లైబ్రరీలోనే ఉంటుంది. మ్యాక్ కంప్యూటర్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు టైటిల్, కీవర్డ్స్, క్యాప్షన్ కలపాలి, లొకేషన్ కలపాలి అన్న రెండు గడుల్లోనూ టిక్ పెడితేనే అవి ఫైలుతో పాటు వెళ్తాయి. ఖాతా పాస్‌వర్డ్ ఒక్కరికే తెలిసి, ఆ ఒక్కరే లేకపోతే రాసినదంతా ఆ ఖాతాలోనే ఉండిపోతుంది. అందుకే ముఖ్యమైన ఫోటోల వివరణ ఫైలు లోపలే రాయాలి.

కంప్యూటర్‌లో చేయడం

విండోస్: జేపీజీ ఫోటో మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్ తెరిస్తే టైటిల్, సబ్జెక్ట్, ట్యాగ్స్, కామెంట్స్ గడులు ఉంటాయి. అందులో రాసింది ఫైలు లోపలే నిలుస్తుంది. లొకేషన్ అంకెలు ఇక్కడ కనిపిస్తాయి గానీ మార్చడానికి వీలుండదు.

డిజికామ్: ఉచిత సాఫ్ట్‌వేర్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. మ్యాప్ మీద చోటు చూపించి ఒకేసారి వంద ఫోటోలకు లొకేషన్ చేర్చొచ్చు. ఒకే ఫోటోకు తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడు భాషల్లో విడివిడిగా వివరణ రాయొచ్చు. మెటాడేటా సెట్టింగ్స్‌లో వివరణను ఫైలులో రాయమని టిక్ ఉందో లేదో మాత్రం మొదట చూసుకోవాలి.

ఎగ్జిఫ్‌టూల్: ఫిల్ హార్వే తయారు చేసిన ఉచిత సాధనం. 2003 నుంచి ఉంది. కమాండ్లు టైప్ చేయాలి కాబట్టి కొత్తవాళ్లకు కష్టమనిపిస్తుంది. కానీ వేల ఫోటోల తేదీలు ఒకేసారి సరిచేయాలన్నా, ఒక ఫోటో లొకేషన్‌ను మిగతా వాటికి కాపీ చేయాలన్నా దీన్ని మించింది లేదు. కంప్యూటర్ తెలిసిన పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లకు అప్పగించొచ్చు.

పెళ్లిళ్లకు వాడే పెద్ద కెమెరాల్లో చాలావాటికి జీపీఎస్ ఉండదు. అప్పుడు ఒక చిన్న పద్ధతి ఉంది. ఫోటోలు తీసే ప్రతి చోటా ఫోన్‌తో ఒక్క ఫోటో తీసి పెట్టుకోండి. తర్వాత ఆ ఫోన్ ఫోటో లొకేషన్‌ను అదే చోట తీసిన కెమెరా ఫోటోలన్నిటికీ కాపీ చేయొచ్చు. ఏ పద్ధతిలో చేసినా ముందు ఫోటోల కాపీ ఒకటి వేరే డిస్కులో పెట్టుకుని, ఆ తర్వాతే మార్పులు మొదలుపెట్టాలి.

పెట్టెలోని పాత ఫోటోలు

స్కాన్ చేసిన ఫోటోకు లొకేషన్ ఉండదు. తేదీ ఉన్నా అది స్కాన్ చేసిన తేదీ. 1968 నాటి ఫోటో 2025 ఫోటోల మధ్యలో కూర్చుంటుంది. అందుకే తీసిన తేదీ గడిని చేత్తో మార్చాలి. చిన్న సైజు ప్రింట్లను 600 డీపీఐలో స్కాన్ చేస్తే ముఖాలు స్పష్టంగా వస్తాయి.

ఫోటో వెనకవైపు కూడా తప్పకుండా స్కాన్ చేయాలి. వెనక స్టూడియో ముద్ర ఉంటే ఊరు తెలుస్తుంది. ఉర్దూలో ఎవరో రాసిన ఒక పేరు, ఒక తేదీ ఉండొచ్చు. ప్రింటు వెనక కొత్తగా రాయాలంటే మెత్తటి పెన్సిల్ వాడాలి. బాల్‌పెన్‌తో నొక్కి రాస్తే గీత ముందువైపు ముఖం మీద పొడుచుకొస్తుంది.

పాత ఫోటోకు మ్యాప్ మీద చోటు పెట్టేటప్పుడు తెలిసినంత వరకే పెట్టాలి. ‘కడప’ అని మాత్రమే తెలిస్తే ఊరి మధ్యలో గుర్తు పెట్టి, వివరణలో ‘చోటు అంచనా’ అని రాయాలి. తెలియని ఇంటి మీద గుర్తు పెడితే చూసినవాళ్లు అదే ఇల్లనుకుంటారు.

గల్ఫ్ ఫోటోలు, హజ్ ఫోటోలు

సౌదీ సమయం మన కంటే రెండున్నర గంటలు వెనక. జిద్దాలో సాయంత్రం 5 గంటలంటే ఇక్కడ రాత్రి 7.30. పాత కెమెరాలు, కొన్ని యాప్‌లు సమయం రాస్తాయి గానీ అది ఏ దేశపు సమయమో రాయవు. ఈద్ రోజు అక్కడి ఫోటోలు, ఇక్కడి ఫోటోలు ఒకే ఆల్బమ్‌లో కలిపితే వరుస తప్పడానికి కారణం ఇదే. ఫోటోలకు లొకేషన్ ఉంటే ఏది ఏ దేశానిదో తేల్చుకుని సమయం సరిచేయొచ్చు.

హజ్‌కు వెళ్లేవాళ్లకు లొకేషన్ ఇంకో విధంగా పనికొస్తుంది. మినాలో గుడారాలన్నీ తెల్లగా, ఒకే తీరుగా ఉంటాయి. పెద్దవాళ్లు దారి తప్పడం మామూలే. చేరిన వెంటనే గుడారం ముందు నిలబడి, మక్తబ్ బోర్డు, దగ్గరున్న స్తంభం నంబరు కనిపించేలా లొకేషన్ ఆన్ చేసి ఒక ఫోటో తీసుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు ఆ ఫోటో మ్యాప్ తెరిస్తే దారి దొరుకుతుంది. నెట్ పనిచేయకపోతే బోర్డు మీద నంబరు చూపించి వాలంటీరును అడగొచ్చు.

వాట్సాప్‌లో పంపితే ఏం పోతుంది?

వాట్సాప్‌లో మామూలుగా ఫోటో పంపితే సైజు తగ్గుతుంది, లోపలి లొకేషన్, అసలు తేదీ పోతాయి. ఫ్యామిలీ గ్రూపులో వచ్చిన ఫోటో ఫైలు పేరులో కనిపించే తేదీ కూడా తీసిన రోజు కాదు. అది వాట్సాప్‌లో చేతులు మారిన రోజు. పదేళ్ల కిందటి ఫోటోను నిన్న ఎవరో పంపితే నిన్నటి తేదీయే ఉంటుంది.

వివరాలు చెక్కుచెదరకుండా వెళ్లాలంటే ఫోటోను ‘డాక్యుమెంట్’గా పంపాలి. ఈమెయిల్ అటాచ్‌మెంట్‌లో, పెన్‌డ్రైవ్‌లో, క్విక్ షేర్‌లో కూడా వివరాలు నిలుస్తాయి. షాదీ ఫోటోగ్రాఫర్ దగ్గర ఫోటోలు తీసుకునేటప్పుడు వాట్సాప్‌లో కాకుండా అసలు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో అడగండి.

జీపీఎస్ స్టాంపు వేరు, జియో ట్యాగ్ వేరు

ఫోటో మీదే మ్యాప్ ముక్క, చిరునామా, అక్షాంశం, సమయం ముద్రించే కెమెరా యాప్‌లు ఇప్పుడు చాలా వాడుకలో ఉన్నాయి. అది బొమ్మలో కలిసిపోయే స్టాంపు. కంటికి కనిపిస్తుంది, వాట్సాప్‌లో పంపినా పోదు, కానీ కంప్యూటర్ దాన్ని లొకేషన్‌గా చదవలేదు. జియో ట్యాగ్ ఫైలు లోపల ఉంటుంది. కంటికి కనిపించదు, కంప్యూటర్ చదువుతుంది. ఏ ఆఫీసు వాళ్లు ఏది అడుగుతున్నారో తెలుసుకుని తీయాలి. ఇంటి జ్ఞాపకాలకు స్టాంపు వేయకపోవడమే మంచిది, ఫోటోలో సగం దానికే పోతుంది.

ప్రభుత్వ పనుల్లో జియో ట్యాగ్ ఇప్పుడు మామూలైపోయింది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ ఇళ్లకు నిర్మాణ దశల వారీగా జియో ట్యాగ్ ఫోటోలు తీస్తారు. ఉపాధి హామీ పనుల దగ్గర కూలీల హాజరును రోజుకు రెండుసార్లు జియో ట్యాగ్ ఫోటోలతో నమోదు చేయడం 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. 2025 జూన్ 6న మొదలైన ఉమీద్ పోర్టల్‌లో వక్ఫ్ ఆస్తుల కొలతలతో పాటు జియో ట్యాగ్ చేసిన లొకేషన్ కూడా నమోదు చేయాలని చెప్పారు. మస్జిద్, ఖబరస్తాన్, ఆషూర్‌ఖానా చూసుకునే కమిటీలు పోర్టల్ పనితో ఆగకుండా, నాలుగు హద్దులూ కనిపించేలా తేదీ, లొకేషన్, వివరణతో ఫోటోలు తీసి తమ దగ్గర కూడా దాచుకోవడం మంచిది.

కోర్టుకు వెళ్లాల్సి వస్తే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఫోటోలోని తేదీని, లొకేషన్‌ను మార్చడం సులువు కాబట్టి, అవి ఉన్నంత మాత్రాన రుజువైనట్టు కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. హద్దు తగాదా, యాక్సిడెంట్ వంటి ఫోటోలను ఎడిట్ చేయకుండా, వివరణ కూడా లోపల చేర్చకుండా, తీసిన ఫోన్‌లోనే అసలు ఫైలుగా ఉంచి, కాపీ మీద మాత్రమే పని చేయాలి.

లొకేషన్ బయటపడితే?

2012 డిసెంబర్‌లో సాఫ్ట్‌వేర్ వ్యాపారి జాన్ మెకాఫీ పోలీసులకు దొరక్కుండా తిరుగుతున్నాడు. ఆయనతో ఉన్న వైస్ పత్రిక విలేఖరులు ఒక ఫోటో నెట్‌లో పెట్టారు. ఆ ఫైలులో మిగిలిపోయిన జీపీఎస్ అంకెలు చూసి ఆయన గ్వాటెమాలాలో ఉన్నట్టు చూసినవాళ్లు పట్టేశారు. ఫోటోతో రోజూ పని చేసే పత్రికవాళ్లకే ఇలా జరిగింది.

మామూలు కుటుంబానికి ప్రమాదం ఇంకో రూపంలో వస్తుంది. ఇంట్లో తీసిన ప్రతి ఫోటోలో ఇంటి చోటు ఉంటుంది. పాత ఫ్రిజ్ అమ్మడానికి తెలియనివాళ్లకు పంపిన ఫోటోలో, పెళ్లి సంబంధం కోసం అమ్మాయి బయోడేటాతో ఈమెయిల్ చేసిన ఫోటోలో, పిల్లల స్కూల్ డ్రెస్ ఫోటోలో కూడా ఉండొచ్చు. సంబంధం కుదరకపోయినా ఆ ఫోటో ఎక్కడెక్కడ తిరుగుతుందో చెప్పలేం. ఆడపిల్లల ఫోటోలు బయటివాళ్లకు పంపే ముందు లొకేషన్ తీసేయడం ప్రతి ఇంట్లో అలవాటు కావాలి.

తీసేయడం కష్టమేమీ కాదు. ఐఫోన్‌లో షేర్ చేసేటప్పుడు పైన ‘ఆప్షన్స్’ నొక్కి లొకేషన్ ఆఫ్ చేయొచ్చు. విండోస్‌లో ప్రాపర్టీస్, డీటెయిల్స్ కింద వ్యక్తిగత సమాచారం తొలగించే లింకు ఉంటుంది. ఏదీ తెలియకపోతే ఫోటోకు స్క్రీన్‌షాట్ తీసి దాన్ని పంపండి. క్వాలిటీ తగ్గుతుంది గానీ పాత లొకేషన్ అందులోకి రాదు. అయితే లోపలి అంకెలు తీసేసినా బొమ్మలో కనిపించే ఇంటి నంబరు, వీధి బోర్డు, స్కూల్ పేరు అలాగే ఉంటాయి. వాటిని కూడా చూసుకోవాలి.

దీనికి భయపడి కెమెరాలో లొకేషన్ శాశ్వతంగా ఆపేయాల్సిన పని లేదు. ఇంట్లో దాచుకునే కాపీలో అన్ని వివరాలు ఉంచాలి. బయటికి పంపే కాపీలో తీసేయాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

1. వేల ఫోటోలు చూసి భయపడొద్దు. ఇంట్లో పెద్దవయసువాళ్లకు మాత్రమే తెలిసిన ముఖాలున్న ఫోటోలు ముందు విడిగా తీయండి. ఫోన్‌లోని కొత్త ఫోటోల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

2. పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ఒక విడతకు పది ఫోటోలు చాలు. వాళ్లు చెప్పేది ఫోన్‌లో రికార్డు చేసుకుని తర్వాత తీరిగ్గా రాయండి. ఫోటోను పెద్దది చేసి చూపిస్తే చూపు తగ్గినవాళ్లు కూడా గుర్తుపడతారు.

3. పూర్తి పేర్లు, ఊరు, సందర్భం, చెప్పినవాళ్ల పేరు ఫైలు లోపల రాయండి. రాసినది నిలిచిందో లేదో ఫైలును వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి.

4. ఖబర్‌ల ఫోటోలు గేటు నుంచి వరుసగా తీసి, లొకేషన్‌తో పాటు మాటల్లో దారి రాయండి.

5. మొత్తం ఫోల్డర్‌ను కనీసం రెండు డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచండి. ఒకటి బయట ఊళ్లో ఉన్న తమ్ముడికో చెల్లెలికో ఇస్తే ఇంకా మంచిది. వాళ్లకు తెలిసిన పేర్లు వాళ్లు కూడా చేర్చగలుగుతారు.